పీపుల్ ప్లీజర్ అనే మాట చాటున

మా కార్యాలయంలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి వేసిన లెక్క సరైనదేనని ముందురోజు సాయంత్రం టీ తాగుతూ నాతో ఒప్పుకున్న పెద్దమనిషి, మర్నాడు సమావేశంలో పై అధికారి ఆ లెక్కనే తప్పుపట్టగానే, "నాకూ మొదటినుంచీ అనుమానంగానే ఉంది సార్" అన్నారు. లెక్క సరిగ్గానే ఉందని నేను చెప్పిన మాట ఒంటరిదైపోయింది. ఆ అమ్మాయి తల దించుకుని తన కాగితాలు మడుచుకుంది. తరువాత వరండాలో నిలదీస్తే, "ఏం చేయమంటారండీ, నేను కాస్త పీపుల్ ప్లీజర్‌ని" అన్నారాయన, తనకు షుగర్ ఉందని చెప్పినంత మామూలుగా.

అందరినీ సంతోషపెట్టాలని చూసే మనిషి అనే అర్థంలో ఈ మాట ఈమధ్య మన తెలుగు సంభాషణల్లోకి విరివిగా వచ్చింది. దీనితో నాకున్న పేచీ ఒక్కటే: ఎదుటివారిని నొప్పించలేక తానే నలిగిపోయే మనిషినీ, బలవంతుడి మెప్పు కోసం బలహీనుణ్ణి వదిలేసే మనిషినీ ఇది ఒకే దుప్పటి కింద పడుకోబెడుతోంది. ఈ మాటను మనకిచ్చిన ఇంగ్లీషే ఒకప్పుడు రెండోరకం మనిషికి ఎంత నిక్కచ్చిగా పేర్లు పెట్టిందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది.

1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో, ఎఫెసీయులకు రాసిన పత్రికలో, 'మెన్‌ప్లీజర్స్' అనే మాట ఉంది, అంటే మనుషులను మెప్పించేవారు. దాని పక్కనే 'ఐసర్వీస్' అని మరో మాట ఉంది, అంటే యజమాని కన్ను తన మీద ఉన్నంతసేపే చేసే పని. మన తెలుగు బైబిలు దీన్ని 'కంటికి కనబడుటకే' అని ఎంతో చక్కగా చెప్పింది. అయితే అలా పనిచేయవద్దన్న ఆ హితవును దాసులకు చెప్పడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు, ఎందుకంటే దెబ్బలకు భయపడి యజమాని కళ్లెదుట ఒళ్లు వంచేవాడిది ఇచ్చకం కాదు, ప్రాణభయం. ఆ మాట నిజంగా వర్తించవలసింది కాదనే స్వేచ్ఛ ఉండి కూడా అననివారికి.

ఇచ్చకాలాడి మెప్పు సంపాదించడాన్ని చెప్పే 'కర్రీ ఫేవర్' అనే ఇంగ్లీషు పలుకుబడి కథ ఇంకా బాగుంటుంది, ఇక్కడ 'కర్రీ' అంటే గుర్రాన్ని దువ్వడం. 14వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రాన్సులో వచ్చిన ఒక వ్యంగ్యకావ్యంలో ఫోవెల్ అనే గుర్రం రాజభవనంలోకి చేరితే, ప్రభువులూ మతాధికారులూ వరుసకట్టి దాని ఒళ్లు దువ్వుతారు. ముఖస్తుతి, అత్యాశ, నీచత్వం, చపలత్వం, అసూయ, పిరికితనం అనే ఆరు దుర్గుణాల ఫ్రెంచి పేర్లలోని మొదటి అక్షరాలు కలిస్తే ఆ గుర్రం పేరవుతుంది. ఇంగ్లీషులో ఆ గుర్రం ఫావెల్ అయింది; 'ఫావెల్‌ను దువ్వడం' అన్న మాటలో ఆ ఫావెల్ ఎవరో ఇంగ్లీషువారు మరిచిపోయాక అది 'ఫేవర్'గా మారింది. మనం కూడా 'పై అధికారిని దువ్వుతున్నాడు' అనే అంటాం కదా! గుర్రంతో, ఫ్రాన్సుతో ఏ సంబంధమూ లేకుండానే మన భాష అదే చేతిని, అదే కదలికను పట్టుకుంది.

లౌక్యం విషయానికి వస్తే జాన్ బన్యన్ అనే ఇంగ్లీషు రచయితను తలచుకోకుండా ఉండలేను. అనుమతి లేకుండా మతప్రబోధం చేశాడని పన్నెండేళ్లపాటు బెడ్‌ఫర్డ్ జైల్లో ఉంచినా మాట మార్చుకోని మనిషి ఆయన. 1678లో వచ్చిన ఆయన 'యాత్రికుని ప్రయాణం'లో బై-ఎండ్స్ అనే పాత్ర ఉంది, లోపల వేరే ప్రయోజనాలు దాచుకున్నవాడని ఆ పేరుకు అర్థం. ఊరు ఇంపైన మాటల పట్టణం, బంధువుల్లో ఒకాయన రెండువైపులా చూసేవాడు, మేనమామ రెండునాల్కల మతగురువు. ముత్తాత పడవ నడిపేవాడు, ముఖం ఒకవైపు పెట్టి తెడ్డు మరోవైపుకు వేసేవాడు. తన ఆస్తిలో చాలా భాగం ఆ విద్యతోనే సంపాదించానని బై-ఎండ్స్ చెప్పుకుంటాడు. గాలికీ ఆటుపోట్లకూ ఎదురీదకపోవడం, మతం వెండి చెప్పులు తొడుక్కుని ఎండలో నడుస్తూ జనం చప్పట్లు కొడుతున్నప్పుడు దాని పక్కన నడవడం, ఇవీ అతని నియమాలు. అలాంటివాడు కూడా ఆ పేరు తనది కాదని, గిట్టనివాళ్లు అంటగట్టిందని వాదిస్తాడు. ఆ పేరు మోయడానికి అతనికి సిగ్గు ఉంది. ఇవాళ్టి పేరులో ఆ సిగ్గే లేదు, పైగా కాస్త సానుభూతిని కోరే గుణం కూడా ఉంది.

"నొప్పింపక తానొవ్వక తప్పించుక తిరుగువాడు ధన్యుడు" అని చిన్నప్పుడే వల్లెవేసిన మనకు లౌక్యం మంచి మాటే, అందులో తప్పు లేదు. కానీ ఆ పద్యం ముందు పెట్టిన షరతు అన్యుల మనసు నొప్పించకపోవడం. ఆ షరతును వదిలేసి తప్పించుకు తిరగడాన్ని మాత్రమే ఉంచుకుంటే మిగిలేది లౌక్యం కాదు.

మనకు మొహమాటం అనే మాట ఉంది, ఇచ్చకం అనే మాట వేరుగా ఉంది. అప్పు అడిగినవాడికి లేదనలేక తన జీతం ఇచ్చేసే మనిషిది మొహమాటం, అతని మీద నాకు జాలీ ప్రేమా రెండూ ఉన్నాయి. మా సమావేశంలో జరిగింది మాత్రం ఇచ్చకం. ఆ గదిలో ఉన్న ఆరుగురమూ మనుషులమే, వారిలో ఆయన సంతోషపెట్టింది కుర్చీ పెద్దదైన ఒక్కరిని. కాగితాలు మడుచుకుని వెళ్లిన ఆ అమ్మాయి ఆయన చెప్పిన 'పీపుల్'లో లేదు.