టెడ్డీబేర్ కుట్టి ఇల్లు గడుస్తుందా? పాలమూరు, నల్లగొండ నుంచి ఒక లెక్క

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో కుట్టు పని వచ్చిన మహిళకు ఉపాధి చూపించాలనుకునే ప్రతివారి జాబితాలోనూ జాకెట్లు, మగ్గం వర్కు, జనపనార సంచుల తర్వాత మెత్తటి బొమ్మలు తప్పక ఉంటాయి. బ్యాంకుల ఆధ్వర్యంలో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల కోర్సుల్లోనూ ఈ బొమ్మల తయారీ ఉంది. రెండు వారాలైనా పట్టని ఆ శిక్షణ ముగిసేసరికి నేర్చుకున్నవారి చేతిలో ఒక ధ్రువపత్రం, నాలుగైదు కుందేళ్లు, ఎలుగుబంట్లు మిగులుతాయి. ఆ ఎలుగుబంటిని ఎవరు కొంటారు, ఎంతకు కొంటారు, దాని మీద ఏడాది పొడవునా ఇల్లు గడుస్తుందా అనే ప్రశ్నల జోలికి శిక్షణ పోదు. చేతితో కుట్టిన టెడ్డీబేర్ల మీదే ఒక మనిషి బతకడం ఈ ప్రాంతంలో అసాధ్యమని నేను అనుకోవడం లేదు. అయితే దాన్ని పిల్లల ఆటబొమ్మగా అమ్మినంతకాలం మాత్రం అది కుదిరే పని కాదు.

ముందు పని ఎంత ఉందో చూడాలి. సంప్రదాయ పద్ధతిలో టెడ్డీబేర్ అంటే తల, రెండు చేతులు, రెండు కాళ్లు విడివిడిగా కుట్టి, గట్టి అట్ట బిళ్లలతో, ఇనుప పిన్నులతో మొండేనికి బిగించిన బొమ్మ. అందుకే దాని తల, కాళ్లు, చేతులు తిరుగుతాయి. ఫర్ క్లాత్ వెనకవైపు అచ్చు గీసి, కత్తెర మొనతో అడుగు నేతను మాత్రమే కత్తిరించాలి. పైనున్న బొచ్చు తెగితే కుట్టు దగ్గర బోడిగా కనబడుతుంది. ప్రతి ముక్కలోనూ బొచ్చు వాలు సరైన దిక్కుకే ఉండాలి. కుట్టిన తర్వాత కుట్టులో ఇరుక్కున్న బొచ్చును సూదితో బయటికి లాగాలి. ముక్కు, నోరు దారంతో చేతికుట్టుగా రావాలి, కళ్లను బలమైన దారంతో తల లోపలి నుంచి లాగి ముడివేయాలి. కళ్ల మధ్య దూరం కాస్త తేడా వచ్చినా ముఖం మారిపోతుంది కాబట్టి అలవాటైన చేతికి కూడా ఒక్కోసారి విప్పి మళ్లీ కుట్టక తప్పదు. ఇలాంటి బొమ్మ ఒకదానికి పన్నెండు గంటలు పడతాయనుకోవడం అతిశయోక్తి కాదు.

ఇప్పుడు డబ్బు లెక్క. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 200 గంటలు పనిచేస్తే, అందులో మూడో వంతు ఫోటోలు తీయడానికి, వాట్సాప్‌లో అడిగినవారికి జవాబులు చెప్పడానికి, సరుకు తేవడానికి, ప్యాకింగ్‌కు, కొరియర్‌కు పోతుంది. మిగిలిన గంటల్లో పదకొండు బొమ్మలు తయారవుతాయి. నెలకు 20 వేల రూపాయలు చేతికి మిగలాలంటే ఒక్కో బొమ్మ మీద కూలి కింద సుమారు 1,800 రావాలి. మంచి ఫర్ క్లాత్, లోపల కూరే ఫైబర్, గాజు కళ్లు, కీళ్ల సామాను కలిపి ఒక 500, డబ్బా, కొరియర్‌కు 200, స్టాల్ అద్దె, కమీషన్, అమ్ముడుపోకుండా మిగిలిపోయిన వాటి నష్టం కింద 300 వేసుకుంటే ధర 2,800 దగ్గర తేలుతుంది. సరుకు ధరలు ఊరిని బట్టి అటూ ఇటూ కావచ్చు గానీ లెక్క తీరు మారదు. బజారులో మిషన్ మీద తయారైన, దీనికంటే పెద్ద టెడ్డీ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. దాన్ని చూసి బెదిరి మన బొమ్మను 800కు అమ్మితే, సరుకు ఖర్చు, కొరియర్ పోగా పన్నెండు గంటల పనికి వంద రూపాయలు మిగులుతాయి. 2025-26లో తెలంగాణలో ఉపాధి హామీ పనికి ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. చేతివృత్తి అని గొప్పగా చెప్పుకుంటూ మట్టి పని కూలిలో మూడో వంతుకు కుట్టడాన్ని స్వయం ఉపాధి అనలేం.

ఈ బొమ్మ పుట్టిన చోట కూడా లెక్క ఇంతే కఠినంగా ఉండేది. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకు వెళ్లి, కట్టేసి ఉంచిన ఎలుగుబంటిని కాల్చడానికి ఒప్పుకోకపోవడం, దాని మీద క్లిఫర్డ్ బెరీమన్ కార్టూన్ రావడం, బ్రూక్లిన్‌లో మిఠాయి దుకాణం నడుపుకునే మోరిస్ మిష్టమ్ దంపతులు ఆ పేరుతో బొమ్మ చేసి అమ్మడం చాలామందికి తెలిసిన కథే. జీవనోపాధి కోణంలో అంతకంటే ముఖ్యమైన కథ జర్మనీలోని గీంగెన్ పట్టణానిది. చిన్నతనంలో పోలియో వచ్చి చక్రాల కుర్చీకి పరిమితమైన మార్గరెట్ స్టైఫ్ కుట్టు పనితో బతికిన మనిషి. 1880 ప్రాంతంలో ఆమె ఉన్ని బట్టతో చేసిన చిన్న ఏనుగు, ఆడవాళ్లు కుట్టు సూదులు గుచ్చి ఉంచుకోవడానికి ఉద్దేశించినది. పిల్లలు దాన్ని ఆటబొమ్మగా మార్చుకున్నారు. ఆమె తమ్ముడి కొడుకు రిచర్డ్ రూపొందించిన కీళ్ల ఎలుగుబంటి 1903లో లైప్‌జిగ్ సంతకు వెళ్లింది. 1907 నాటికి ఆమె నెలకొల్పిన స్టైఫ్ సంస్థ ఒక్క ఏడాదిలో 9,74,000 ఎలుగుబొమ్మలు తయారుచేసే స్థాయికి చేరింది. ఆ పని చేసింది కర్మాగారంలోని 400 మంది, ఇళ్ల దగ్గర కుట్టిన 1,800 మంది.

ఈ 1,800 మంది ఎవరో పోచంపల్లి, గద్వాల, నారాయణపేట వాసులకు వేరే చెప్పనక్కర్లేదు. మాస్టర్ వీవర్ ఇచ్చిన నూలుతో, ఆయన చెప్పిన డిజైన్‌కు, చీరకింత అని మజూరీ తీసుకుని నేసే కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. భౌగోళిక గుర్తింపు వచ్చినా, చీర పేరు దేశమంతా తెలిసినా, ఆ పేరుకు వచ్చే అదనపు ధరలో మగ్గం మీద కూర్చున్న మనిషి వాటా తక్కువే. టెడ్డీబేర్‌ను సంఘాలతో పెద్ద ఎత్తున కుట్టించి టోకుగా అమ్ముదామనే ప్రతిపాదన ఎప్పుడు వచ్చినా నాకు ముందు గుర్తొచ్చేది ఈ మజూరీ పద్ధతే. టోకు వ్యాపారి అడిగేది తక్కువ ధర. తక్కువ ధర ఇవ్వగలిగేది మిషన్ లైను, చేతి సూది కాదు.

చేతితో చేసిన ఎలుగుబొమ్మ మీద మళ్లీ ఒంటరిగా బతికేవారు అమెరికా, బ్రిటన్, జర్మనీ వంటి చోట్ల 1970ల తర్వాత కనబడతారు. వారి కొనుగోలుదారులు పిల్లలు కారు. పాత బొమ్మలను సేకరించే పెద్దలు. 1994లో లండన్ క్రిస్టీస్ వేలంలో టెడ్డీ గర్ల్ అనే పాత స్టైఫ్ బొమ్మ 1,10,000 పౌండ్లకు పోయిందంటే ఆ అభిరుచి ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. అంగోరా మేకల వెంట్రుకలతో నేసే మొహేర్ బట్ట, గాజు కళ్లు, ఒక్కో నమూనాలో కొన్ని బొమ్మలే చేయడం, ఇది ఆటవస్తువు కాదని ముందే చెప్పి అమ్మడం అక్కడి పద్ధతి. అక్కడ కూడా చాలామందికి బొమ్మ అమ్మకం ఒక్కటే ఆదాయం కాదు. అచ్చులు అమ్ముతారు, కిట్లు అమ్ముతారు, వారాంతాల్లో నేర్పుతారు, చిరిగిన పాత బొమ్మలను బాగుచేస్తారు. దీన్ని ఇక్కడ ఉన్నదున్నట్టుగా దించుకోవడం వృథా. దిగుమతి చేసుకున్న మొహేర్‌తో కుట్టిన బొమ్మకు నల్లగొండలో సేకరణకర్తలు క్యూ కట్టరు. ఫిబ్రవరి 10న టెడ్డీ డే పేరుతో బొమ్మ కొనే కుర్రవాడికి కావలసింది ఎర్ర గుండె పట్టుకున్న పెద్ద బొమ్మ, అదీ తక్కువ ధరకు. అతను మన కొనుగోలుదారు కాడు, అతని కోసం తాపత్రయపడటం దండగ.

మరి ఇక్కడ 2,800 పెట్టే పెద్దమనిషి ఎవరు? నా అంచనాలో ఆ అవకాశం జ్ఞాపకాల బొమ్మలో ఉంది. బిడ్డ మొదటి చొక్కాతో, ఉయ్యాలకు కట్టిన చీరతో, తల్లి పెళ్లిచీరతో ఎలుగుబొమ్మ కుట్టించుకోవడం పాశ్చాత్య దేశాల్లో ఇప్పటికే స్థిరపడిన గిరాకీ. మన దగ్గర దీనికి పునాది లేదనుకోవడం పొరపాటు. అమ్మమ్మల పాత చీరలను పొరలుగా పరిచి బొంతలు కుట్టించుకున్న ఇళ్లు పాలమూరులో ఇప్పటికీ ఉన్నాయి. మెత్తబడిన చీర బిడ్డ ఒంటికి మంచిదనే మాట ప్రతి ఇంట్లోనూ వినబడుతుంది. అయితే పాశ్చాత్యులు చనిపోయినవారి బట్టలతోనే ఇలాంటి బొమ్మలు ఎక్కువగా చేయించుకుంటారు. మన ఇళ్లలో చాలాచోట్ల పోయినవారి బట్టలను ఇంట్లో ఉంచుకోరు, ఇచ్చేస్తారు లేదా వదిలేస్తారు. కాబట్టి ఇక్కడ ఈ పనిని సంతాపంతో కాక శుభకార్యంతో ముడిపెట్టాలి: ఇరవై ఒకటో రోజు, మొదటి పుట్టినరోజు, ఆడపిల్ల ఓణీల వేడుక, పెళ్లై అమెరికా వెళ్లిపోయిన కూతురికి పంపే సామాను.

ఈ పద్ధతిలో వ్యాపారపరంగా మూడు మేళ్లు కలిసివస్తాయి. ప్రధాన బట్ట గిరాకీదారే తెస్తారు కాబట్టి పెట్టుబడి తగ్గుతుంది. అడ్వాన్స్ తీసుకున్నాకే పని మొదలవుతుంది కాబట్టి సరుకు మిగిలిపోదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఏ కర్మాగారమూ ఆ ఇంటి చీరతో బొమ్మ చేసి ఇవ్వలేదు. నష్టభయం కూడా అంతే పెద్దది. పాత పట్టు మడతల దగ్గర చీలిపోతుంది, కాబట్టి వెనకాల ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే పల్చటి బట్ట) అతికించకుండా కత్తెర పెట్టకూడదు. గద్వాల చీర జరీ అంచును గుండ్రటి తలకు వాడితే పోగులు లేచిపోతాయి, దాన్ని పాదాలకో మెడకో వాడుకోవాలి. ఒకసారి తప్పు కత్తిరిస్తే బదులు తేవడానికి ఇంకో పెళ్లిచీర ఉండదు. ఈ బాధ్యతకు కూడా ధర ఉందని, అది కుట్టు కూలిలో చేరాలని కుట్టేవారు గట్టిగా చెప్పగలగాలి. జాకెట్‌కు ఇచ్చే కూలితో పోల్చి బేరమాడే గిరాకీని వదులుకోవడమే మేలు.

రెండో దారి ఒకటుంది, ఆకర్షణీయమైనదే గానీ దాని మీద నాకు అంత నమ్మకం లేదు. టెడ్డీబేర్ గోధుమరంగు విదేశీ ఎలుగే కానక్కర్లేదు. నల్లమలలో, అమ్రాబాద్ అడవుల్లో తిరిగే మన ఎలుగుబంటికి చెదిరిన నల్లటి జూలు, పొడవాటి గోళ్లు, ఛాతీ మీద తెల్లటి మచ్చ ఉంటాయి. ఒకప్పుడు ఎలుగును ఆడించేవారు ఊళ్లోకి వస్తే పిల్లల భయం పోవాలని దాని వెంట్రుకను తాయెత్తులో పెట్టి కట్టించిన ప్రాంతం ఇది. పిల్లలను కాపాడే ఎలుగు అన్న ఊహ మనకు కొత్తది కాదన్నమాట. గొర్రెల పెంపకానికి పేరున్న పాలమూరులో గొంగళ్లకు వాడే దక్కనీ నల్ల ఉన్ని కూడా ఉంది, దానికి ఇప్పుడు సరైన ధర లేదు. ఆ ఉన్నితో నల్లమల ఎలుగును చేస్తే చూడటానికి బాగుంటుంది. కానీ ఆ ఉన్ని గరుకు, బాగా కడిగి ఏకితే తప్ప వాసన పోదు, చిన్న పిల్లల బుగ్గకు గుచ్చుకుంటుంది. శ్రీశైలం దారిలో ఆగే యాత్రికులకు, హైదరాబాద్ శిల్పారామంలో తిరిగే పట్టణవాసులకు అలంకరణ వస్తువుగా కొన్ని అమ్ముడుపోతాయి. ఏడాదంతా దాని మీదే ఆధారపడాలంటే నేను సలహా ఇవ్వను.

చట్టం సంగతి తెలియకుండా ఎవరూ ఈ పనిలోకి దిగకూడదు. 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఆటబొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు తప్పనిసరి. ఊడివచ్చే కన్ను, తేలిగ్గా అంటుకునే బొచ్చు, హానికరమైన రంగు, ఇవన్నీ ఆ ప్రమాణాల కిందికి వస్తాయి. కేంద్ర హస్తకళల అభివృద్ధి కమిషనర్ వద్ద నమోదైన కళాకారులు స్వయంగా తయారుచేసి అమ్మే బొమ్మలకు 2020 డిసెంబరులోనే మినహాయింపు ఇచ్చారు. ఇంట్లో కుట్టే మనిషికి ఇదే అసలైన తలుపు, శిక్షణ తరగతుల్లో మొదటి రోజే చెప్పవలసిన విషయం ఇది. మినహాయింపు ఉంది కదా అని ప్లాస్టిక్ గుండీ కళ్లను పసిపిల్లల బొమ్మకు పెట్టడం మాత్రం నేరమనే అంటాను. అక్కడ కళ్లను దారంతోనే కుట్టాలి. దిగుమతి బొమ్మల మీద సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచిన నిర్ణయం దేశంలోని కర్మాగారాలకు ఊపిరి పోసి ఉండవచ్చు గానీ చేతికుట్టు మనిషికి ఒరిగింది స్వల్పం. ఆమె పోటీ ఇప్పుడు చైనా బొమ్మతో కాక దేశీయ కర్మాగారం బొమ్మతో. 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ ఉంది. పనిముట్లకు 15 వేల రూపాయలు, 5 శాతం వడ్డీకి తొలి విడత లక్ష రుణం అందులో దొరుకుతాయి. కాకపోతే అక్కడ సంప్రదాయ బొమ్మలు అనే షరతు ఉంది. చీరముక్కలతో ఎలుగుబొమ్మ కుట్టే మహిళ ఆ మాట కిందికి వస్తుందో రాదో అధికారి ఇష్టానికి వదిలేయకుండా స్పష్టం చేయడం ప్రభుత్వం చేయదగిన చిన్న పని, ఖర్చు లేని పని. ఆన్‌లైన్ వేదికల్లో అమ్మాలనుకునేవారికి మరో చిక్కు ఉంది. జీఎస్టీ నమోదు లేని చిన్న అమ్మకందారులకు 2023 అక్టోబరు నుంచి వెసులుబాటు ఇచ్చినా అది సొంత రాష్ట్రంలోని అమ్మకాలకే పరిమితం. బెంగళూరు నుంచి ఆర్డర్ వచ్చిందని సంబరపడే ముందు ఒక అకౌంటెంట్‌ను అడగాలి.

ఇలా చూస్తే ఈ పని ఒక మండలానికి ముప్పై మందికి చూపించే ఉపాధి కాదు. ముప్పై మందికి ఒకే బొమ్మ నేర్పిస్తే వారు ఒకరి ధరను ఒకరు కోసుకుంటారు. చేయి తిరిగినవారిలో ఇద్దరు ముగ్గురిని ఎంచి, ఆరు నెలల పాటు కీళ్ల పని, పాత బట్టల పని, ధర కట్టడం, ఫోటో తీయడం నేర్పి, హస్తకళల గుర్తింపు కార్డు ఇప్పించి, శిల్పారామంలో, నుమాయిష్‌లో వంతులవారీగా స్టాలు ఇప్పించడం నయం. ఆ ఇద్దరు ముగ్గురైనా మొదటి రోజే మిషన్ మీది పాత పనిని మానుకోకూడదు. మహిళా సంఘాలకు బడి యూనిఫాంల కుట్టు జతకు 75 రూపాయలే అయినా వేసవిలో అది కచ్చితంగా వచ్చే డబ్బు. నెలకు పదకొండు ఆర్డర్లు అడ్వాన్స్‌తో సహా ఏడాది పాటు నిలకడగా వచ్చాకే జాకెట్ల బోర్డు దించే సంగతి ఆలోచించాలి. అప్పటివరకు ఇది సగం రోజు పనే.