లేని కోటకు చెదరని గుమ్మం

నగర చరిత్రను రాళ్లలోనూ శాసనాల్లోనూ వెదికే పండితులు రాజమహేంద్రవరం మెయిన్‌రోడ్డు మీద ఎన్నడూ నడిచినట్టు లేదు. నడిచి ఉంటే, ఏ కట్టడమైనా కూలిపోయిన తరువాతే చిరస్థాయి అవుతుందన్న సూత్రం ఈపాటికి పాఠ్యపుస్తకాలకు ఎక్కి ఉండేది. కోటగుమ్మం సెంటర్నే తీసుకోండి. అక్కడ కోట లేదు, గుమ్మం అంతకన్నా లేదు. అయినా ఆటో ఎక్కీ ఎక్కగానే, "గుమ్మం దగ్గర దిగుతారాండీ, దాటాకా?" అని డ్రైవరు నిలదీస్తాడు, దాటాక అంటే పది రూపాయలు ఎక్కువ. శత్రుసేనలు ఎప్పుడో దాటేసిన గుమ్మం దగ్గర సుంకం ఇంకా వసూలవుతోందంటే, రాజరాజనరేంద్రుడి ఏలుబడి ముగిసిందని ఎలా నమ్మడం?

ఆ కోటకు రక్షణగా తవ్విన కందకం పేరు ఇప్పుడు కందకం రోడ్డుకు దక్కింది. అయితే నాలుగు చినుకులు గట్టిగా పడిన రోజున ఊళ్లో ఏది కందకమో, ఏది రోడ్డో చెప్పడం చరిత్రకారుల తరం కాదు. నల్లమందు సందులో నల్లమందు అమ్మరు. తాడితోటలో తాటిచెట్లుండవు, బట్టల మూటలుంటాయి. 2015లో ప్రభుత్వం రద్దుచేసిన 'రాజమండ్రి' సైతం బస్సు కండక్టర్ల గొంతులో ఎంత ఆరోగ్యంగా ఉందో కాంప్లెక్సు దగ్గర నిలబడితే తెలుస్తుంది.

ఇక నిలబడి ఉన్నవాటి దుస్థితి. 1881 డిసెంబరు 11న తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించి, వెలికి కూడా వెరవని కందుకూరి వీరేశలింగం 1890లో టౌన్‌హాలు కట్టించారు. అది కూలిపోలేదు, అదే దాని దురదృష్టం. ఏ పుట్టినరోజు ఫ్లెక్సీలోనో చేతులు జోడించిన నాయకుడి మోచేతి పక్కనుంచి తొంగిచూస్తే గానీ ఇలాంటి కట్టడాలు కంటబడవు. 1900 నుంచి దాదాపు నూరేళ్లపాటు రైళ్లను మోసిన హేవలాక్ వంతెనదీ ఇదే కర్మ: 1997లో విశ్రమించింది, ఇనుము గట్టిది కావడంతో ఇంకా గోదావరి మీదే ఉంది, దానితో ఏం చేయాలన్న ఆలోచన కూడా ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయింది.

కాబట్టి 2027 పుష్కరాల సన్నాహాలు చేస్తున్న అధికారులకు నా సవినయ మనవి. రోడ్డు వెడల్పు పేరిట మిగిలిన పాత కట్టడాలనూ తొలగిస్తే, వాటి పేర్లతో సెంటర్లు వెలసి, ఆటోలు ఆగి, చరిత్ర శాశ్వతంగా భద్రమవుతుంది. మెయిన్‌రోడ్డులో రోజ్‌మిల్క్ అమ్మే చోటు జోలికి మాత్రం పోకండి; ఊరి జనం ఎంత సాధువులైనా దాని విషయంలో ఊరుకోరు.