జిన్ను గ్లాసులో టీ బ్యాగు వేలాడదీసే మహానుభావులకు

విజయవాడ బెంజి సర్కిల్ పక్కన ఓ బార్‌లో ఇప్పుడే ‘హెర్బల్ టీ కాక్‌టెయిల్’ పేరుతో టేబుల్ మీదకొచ్చిన వస్తువు: గ్లాసు నిండా ఐసు, దాని మీద జిన్ను, అందులో దారంతో సహా వేలాడే టీ బ్యాగు. రేటు అడగకండి, బీపీ పెరుగుతుంది. మెనూలో పక్కనే ‘హెల్తీ’ అని ఓ ఆకు బొమ్మ. తులసాకు తగిలినంత మాత్రాన మందు తీర్థమైపోతుందా బాబూ?

ఐసు నీళ్లలో టీ బ్యాగు ముంచితే ఏం దిగుతుందండీ? దారం చివరి అట్టముక్క మీద ఇంకు తప్ప ఏమీ దిగదు. ఫ్రిజ్‌లో రాత్రంతా నానబెడితే చన్నీళ్లలోనూ దిగుతుంది, కాదనను. అప్పటిదాకా కస్టమర్ని అక్కడే పడుకోమంటారా?

పక్క టేబుల్‌కి ఇంకో ఘనకార్యం. పొగలు కక్కే టీలో వోడ్కా పోసి, పైన ఐసు కుమ్మరించారు. నాలుగు గుక్కలు తాగేలోపు ఐసు కరిగి నీళ్ల మజ్జిగ తేటలా తయారైంది.

టీ ముందే కాచుకోవాలి, పూర్తిగా చల్లారాలి, డబుల్ స్ట్రాంగ్ ఉండాలి. మామూలు కప్పుకి రెండు గ్రాముల ఆకు వేస్తే దీనికి నాలుగు వేయండి. షేకర్లో ఐసుతో పది పన్నెండు సెకన్లు ఊపితే చాలు, పావు వంతు దాకా నీళ్లు వచ్చి చేరతాయి. ఆ లెక్క ముందే వేసుకోవాలి. మనోళ్లేమో స్ట్రాంగ్ అనగానే పొయ్యి మీద పెట్టి కుతకుతా మరిగించేస్తారు. పెంచాల్సింది ఆకు, టైము కాదు మహాప్రభో! కామోమైల్‌కి (చామంతి జాతి పువ్వు) అయిదు నిమిషాలు చాలు, ఆపైన చేదెక్కుతుంది. తులసి, నిమ్మగడ్డి అయితే మరిగిన నీళ్లు పోసి ఎనిమిది, పది నిమిషాలు మూత పెట్టి ఉంచాలి. మూత లేకపోతే వాసనంతా ఆవిరితో వంటింటికి, పసరు నీళ్లు గ్లాసుకి. వడకట్టేటప్పుడు ఆకుని పిండకండి, ఇదేం చింతపండు కాదు.

ఇక హైబిస్కస్ టీ. రంగురంగుల డబ్బాలో పెట్టి అమ్ముతుంటే కళ్లకద్దుకుని కొంటున్నారే, హైబిస్కస్ అంటే మందారమే అయినా, అది పెరట్లో మందారం కాదు. ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే పుల్లటి తొడుగు, ఎండబెట్టినది. గుంటూరు వాళ్లకి గోంగూరని ఫారిన్ సరుకని అమ్మగలుగుతున్నారంటే ఆ వ్యాపారికి దండం పెట్టాలి. పావు లీటరు వేడినీళ్లకి ఎనిమిది గ్రాములు, ఏడు నిమిషాలు. అల్యూమినియం గిన్నెలో వద్దు, పులుపుకి లోహం రుచి దిగుతుంది; స్టీలు గానీ గాజు గానీ వాడండి. గ్లాసుకి జిన్ను 45 మి.లీ., డికాషన్ 60, పంచదార సిరప్ 20, నిమ్మరసం 10. మామూలు హెర్బల్ టీకైతే నిమ్మరసం 20 పోస్తాం. దీనికీ అంతే పోస్తే పళ్లు పులుస్తాయి. ఆ బార్‌లో అదే చేశారు, అడిగితే “రెసిపీ అంతే సార్” అన్నారు.

సిరప్‌కి నీళ్ల బదులు డికాషనే వాడుకోవచ్చు. పంచదారతో సమానంగా తూచి, కరిగిన వెంటనే దించేయాలి. తీగపాకం పట్టారో, చిక్కబడి కొలత తప్పుతుంది, గ్లాసు అడుగున మేటవేస్తుంది. తేనె అయితే గోరువెచ్చటి డికాషన్లో ముందే కలపండి. ఐసు మీద పోస్తే ముద్దకడుతుంది. మిగిలిన డికాషన్ ఐసు ట్రేలో పోసుకుంటే, కరిగినా రుచి పలచబడదు.

బార్ల సంగతి సరే, నా అసలు కడుపుమంట పెళ్లిళ్లలో వెల్కం డ్రింకు గురించి. ఏ కల్యాణమండపానికి వెళ్లినా గుమ్మంలోనే ఆ నీలం సిరప్, దాంట్లో నిమ్మ సోడా. పట్టుచీరలు, పట్టుపంచెలు, అందరికీ నీలం నాలుకలు! అటు కంచె మీద శంఖుపుష్పం ఊరికే పూసి రాలిపోతోంది. కప్పు వేడినీళ్లలో ఎనిమిదో పదో ఎండిన పూలు అయిదు నిమిషాలు వేస్తే అంతకంటే మంచి నీలం. నిమ్మరసం పడగానే ఊదా అవుతుంది. పువ్వులోని ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలు పులుపుకి రంగు మార్చుకుంటాయి, అంతే. రుచి మాత్రం ఆ పువ్వులో పెద్దగా ఉండదు, సిరప్‌లో అల్లం వేయాల్సిందే.

క్యాటరింగ్ బాబాయిలూ, మీకే చెప్పేది. వంద గ్లాసులకి గ్లాసుకి 60 మి.లీ. చొప్పున ఆరు లీటర్ల డికాషన్ పడుతుంది, ఎండు పూలు నలభై గ్రాములు సరిపోతాయి. గ్లాసు అడుగున అల్లం సిరప్, నిమ్మరసం, దాని మీద ఐసు, ఆ ఐసు మీదుగా నీలం డికాషన్ నెమ్మదిగా. సిరప్ బరువుకి కిందే ఉంటుంది, చెంచాతో కలిపాకే రంగు మారుతుంది. ఆ పని చుట్టాలకి వదిలేయండి. పని తొందర్లో నిమ్మరసం అంతా డ్రమ్ములోనే పిండేసి, ఊదా రంగు నీళ్లు తెచ్చి బ్లూ డ్రింకు అనకండి.