మన పిల్లకు సూది, ఊరి పిల్లకు పుకారు

వారం రోజులుగా విజయవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్ల గ్రూపుల్లో, బడిపిల్లల తల్లిదండ్రుల గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. ‘ఆడపిల్లలకు ఏదో ఇంజెక్షన్ వేస్తారట. గర్భసంచి ఎండిపోతుందట. కాగితం మీద సంతకం పెట్టకండి.’ కింద దండం పెడుతున్న చేతుల బొమ్మలు, ‘పదిమందికీ పంపండి’ అని విన్నపం. రాసిందెవరో తెలియదు. పంపేవాళ్లు మాత్రం బాగా తెలిసినవాళ్లే. ఉద్యోగస్తులు, వ్యాపారులు, పిల్లల్ని మెడిసిన్ చదివిస్తున్నవాళ్లు.

సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో పిల్లల డాక్టర్లను కదిపి చూడండి. ఇదే వర్గం వాళ్లు సాయంత్రం ఓపీకి కూతుళ్లను తీసుకొచ్చి, డోసుకు రెండు వేలో ఆపైనో పెట్టి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే అదే హెచ్‌పీవీ టీకా వేయించుకు వెళుతున్నారు. వేయించినట్టు పక్కింటికి కూడా చెప్పరు. చెబితే ‘అమ్మాయికి ఇప్పుడే ఎందుకు?’ అని అడుగుతారని భయం. తమ బిడ్డకు రక్షణ గుట్టుగా కొనుక్కుని, పనిమనిషి బిడ్డకు పుకారు ఫార్వర్డ్ చేయడాన్ని అమాయకత్వం అనలేం. అది ద్వంద్వనీతి.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కర్మ కొద్దీ వచ్చేది కాదు. దాదాపు ప్రతి కేసు వెనకా ఉన్నది హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. దీనిలో రెండు వందలకు పైగా రకాలుంటే, క్యాన్సర్ దాకా తీసుకెళ్లగలిగినవి పద్నాలుగు దాకా ఉన్నాయి. 16, 18 నంబర్ల రకాలే 70 శాతం కేసులకు మూలం. జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 84ల్లో ఈ రెండింటినీ కణితుల్లో పట్టి చూపించాడు. 2008లో నోబెల్ అందుకున్నాడు. అంటే సంగతి తేలి నలభై ఏళ్లు దాటింది.

వైరస్ సోకిన ప్రతి స్త్రీకీ క్యాన్సర్ రాదు. కాపురం చేసే ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది అంటుకుంటుంది. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్లలోపే శరీరం దాన్ని తనంతట తాను వదిలించుకుంటుంది. జ్వరం ఉండదు, నొప్పి ఉండదు, వచ్చిందీ తెలియదు, పోయిందీ తెలియదు. పోకుండా తిష్ఠ వేసినప్పుడే ముప్పు. ముఖద్వారం దగ్గర లోపలి పొర, బయటి పొర కలిసే చోట కణాలు మారుతూ ఉంటాయి. వైరస్ పని మొదలయ్యేది అక్కడే. ముదిరే కేసుల్లో ఎక్కువగా అది తన డీఎన్‌ఏను మన కణం డీఎన్‌ఏలోకి చొప్పిస్తుంది. అప్పటినుంచి ఈ6, ఈ7 అనే రెండు ప్రొటీన్లు అదుపు లేకుండా తయారవుతాయి. చెడిన కణాన్ని ఆపి, బాగుపడకపోతే చంపేసే పీ53 అనే ప్రొటీన్ మన కణంలో ఉంటుంది. ఈ6 దాన్ని నాశనం చేయిస్తుంది. కణం ఎప్పుడు విభజన చెందాలో అదుపు చేసే ఆర్‌బీ ప్రొటీన్‌ను ఈ7 కట్టిపడేస్తుంది. ఇక ఆ కణాన్ని ఆపేవాళ్లు లేరు. విభజన జరిగిన కొద్దీ డీఎన్‌ఏలో తప్పులు పోగుపడతాయి. ముందు మామూలు కంటికి ఆనని మార్పులు, తర్వాత క్యాన్సర్.

ఇదంతా జరగడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ ఉండి మందులు వాడని స్త్రీలలో ఐదు నుంచి పదేళ్లే. ఇంత గడువిచ్చి చంపే జబ్బులు అరుదు. అయినా 2022లో దేశంలో సుమారు 1.27 లక్షల మంది కొత్తగా దీని బారిన పడ్డారని, 80 వేల మంది దాకా చనిపోయారని అంతర్జాతీయ అంచనా. గడువు చేతిలో ఉండి కూడా పోగొట్టుకున్న ప్రాణాలివి.

టీకాపై అనుమానపడే వాళ్లకు కారణం లేకపోలేదు, ఖమ్మం చేదు అనుభవం అందరికీ గుర్తుంది. 2009లో ఉమ్మడి రాష్ట్రంలోని ఆ జిల్లాలో, గుజరాత్‌లోని వడోదరలో వేల మంది బాలికలకు ఈ టీకా వేశారు. వారిలో కొందరు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. తేలింది వేరే తప్పు. ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికల తరఫున తల్లిదండ్రులు కాకుండా హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది కూడా ఇలాంటి వాటినే. అడగకుండా సూది వేయడం నేరం. దానికి విరుగుడు అడిగి, చెప్పి, వేయడం. అబద్ధం చెప్పి మానిపించడం కాదు.

ఇందులో ఇంకో విచిత్రం ఉంది. అప్పట్లో దేశంలో విడిగా సాగుతున్న మరో అధ్యయనం కూడా ఆ గొడవలోనే మధ్యలో ఆగింది. ఒక్క డోసుతో మిగిలిపోయిన అమ్మాయిలు వేల మంది. వాళ్లను ఏళ్ల తరబడి గమనిస్తే ఒక్క డోసు రక్షణ కూడా నిలకడగానే ఉంది. ఒక్క డోసు చాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఆధారాల్లో మన అమ్మాయిల రక్త నమూనాలు కూడా ఉన్నాయి. ప్రపంచం మన అనుభవం నుంచి నేర్చుకుంది, మనం వాట్సాప్ నుంచి నేర్చుకుంటున్నాం.

మెసేజ్ ఏడుస్తున్నది గర్భసంచి గురించి కదా, ఆ లెక్కా చూద్దాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశంలోనే అది అత్యధికం. తెల్లబట్ట అవుతోందని వెళితే ‘ఉంచితే క్యాన్సర్ వస్తుంది’ అని బెదిరించి, ముప్పై ఏళ్లకే కోసి పంపిన కథలు పల్నాడు నుంచి కృష్ణా తీరం దాకా ఏ ఊళ్లోనైనా వినిపిస్తాయి. అప్పుడు ఎవరి గ్రూపులోనూ దండం బొమ్మలు రాలేదు. మరి ఆ క్యాన్సర్ ఉందో లేదో ముందే చూసే పరీక్ష ఎందరికి చేశారు? తర్వాతి సర్వేలో (2019-21) 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు రాష్ట్రంలో నూటికి అయిదుగురు కూడా లేరు. కోయడానికి క్యాన్సర్ భయం పనికొచ్చింది, పరీక్ష చేయడానికి మాత్రం పనికిరాలేదు.

పరీక్ష అంటే పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. శిక్షణ పొందిన నర్సు దూదితో పలచని ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌లో ఉండేదే, ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగుతుంది. మంచి వెలుతురులో చూస్తే, తేడా ఉన్న చోట తెల్లగా మచ్చ తేలుతుంది. ముంబయి మురికివాడల్లో లక్షన్నర మంది స్త్రీలతో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి చేసిన అధ్యయనంలో, పదో తరగతి చదివిన ఆరోగ్య కార్యకర్తలు ఇదే పరీక్ష చేస్తే మరణాలు 31 శాతం తగ్గాయి. గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి తొడిమలు తీసే ఆడకూలీలను తీసుకోండి. పరీక్షకు వెళితే ఆ పూట కూలి పోతుంది. ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనపడినా ‘వేడి చేసింది’ అనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటారు. అదే కోల్డ్ స్టోరేజీ దగ్గరికి నెలకో రోజు నర్సు వెళ్లలేదా?

ఇక పరువు సంగతి. ‘మా ఇంట్లో అలాంటివాళ్లెవరూ లేరు’ అనే మాట మేం విని విసిగిపోయాం. ఒక్క భర్త తప్ప వేరే మగవాడిని ఎరగని ఇల్లాలికి కూడా ఈ వైరస్ వస్తుంది. తెచ్చేది ఆ భర్తే. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆపదు, చర్మం చర్మం తగిలినా వైరస్ సోకుతుంది. మగవాడికి సాధారణంగా ఏ లక్షణమూ ఉండదు, అతణ్ని ఎవరూ ఏమీ అడగరు. జబ్బు బయటపడ్డాక నడవడిక గురించి గుసగుసలు మాత్రం ఆమె గురించే. రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయిందని 2019-21 సర్వే చెప్పింది. చిన్న వయసు కాపురం, చిన్న వయసు కాన్పు ఈ ముప్పును పెంచుతాయి. పదిహేడేళ్ల పిల్లను కాపురానికి పంపడానికి రాని సిగ్గు, పన్నెండేళ్ల పిల్లకు టీకా వేయించడానికి వస్తోంది!

వైద్య ఆరోగ్య శాఖకూ ఒక మాట. ఏటా జనవరిలో అవగాహన మాసం అంటూ ర్యాలీలు తీస్తున్నారు. ఇంటింటి సర్వేల్లో ‘స్క్రీనింగ్ పూర్తి’ అని లక్షల్లో అంకెలు ఇస్తున్నారు. గుమ్మం దగ్గర నిలబడి నాలుగు ప్రశ్నలడిగి ట్యాబ్‌లో టిక్ పెట్టడం గర్భాశయ క్యాన్సర్ స్క్రీనింగ్ కాదని మీకూ తెలుసు. విజయవాడ, గుంటూరుల్లో గత ఏడాది ఎంతమంది స్త్రీలను టేబుల్ మీద పడుకోబెట్టి పరీక్షించారు, ఎంతమందికి మచ్చ కనపడింది, వాళ్లలో ఎంతమందికి చికిత్స పూర్తయింది? వార్డులవారీగా మాకు ఈ మూడు అంకెలు కావాలి. అవి లేకుండా వచ్చే జనవరిలో బందరు రోడ్డు మీద టోపీలు పెట్టుకుని నడిచిన ఫొటో పంపితే, ఈ పత్రికలో దానికి చోటు లేదు.