చిట్టా ఎక్కడ, తమ్ముడూ?

(హైదరాబాదులో ఒక కండెన్స్‌డ్ మ్యాటర్ ఫిజిక్స్ ల్యాబ్. శాంపిల్‌ని అతి చల్లగా ఉంచే క్రయోస్టాట్ చల్లబడడానికి ఇంకా నాలుగు గంటలు పడుతుంది. పీహెచ్‌డీ రెండో ఏట ఉన్న కుర్రాడిని గైడు డేటా మేనేజ్‌మెంట్ మీద రెండు రోజుల వర్క్‌షాప్‌కి వెళ్ళమన్నారు. అతనికి ఇష్టం లేదు. ఆరో ఏట థీసిస్ రాసుకుంటున్న సీనియర్‌కి అతన్ని పంపాలని ఉంది. పేర్లెందుకు, ఏళ్ళతోనే పిలుద్దాం. ల్యాబుల్లో మనిషిని అడిగేది కూడా "ఎన్నో ఏడు?" అనేగా.)

రెండో ఏడు: నేను ఫిజిక్స్ చెయ్యడానికొచ్చానక్కా. ఫైళ్ళకి పేర్లు పెట్టడం గుమస్తా పని. దానికి రెండు రోజుల క్లాసా?

ఆరో ఏడు: నీ కంప్యూటర్‌లో 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఫైనల్ న్యూ 2' అని మూడున్నాయి. పోయిన వారం గ్రూప్ మీటింగ్‌లో చూపించిన గ్రాఫ్ వాటిలో దేనిది?

రెండో ఏడు: 'ఫైనల్ న్యూ'. కాదు, 2. తేదీ చూస్తే తెలిసిపోతుంది.

ఆరో ఏడు: మధ్యలో ఎక్సెల్‌లో తెరిచి సేవ్ కొట్టావుగా. అక్కడ కనిపించేది నువ్వు సేవ్ కొట్టిన తేదీ. కొలిచిన తేదీ ఏది?

రెండో ఏడు: సరే, పేర్లు మారుస్తా. అది ఐదు నిమిషాల పని. వర్క్‌షాప్‌లో చెప్పేది వేరు. ఫెయిర్ సూత్రాలంటారు. డేటా వెతికితే దొరకాలి, అడిగితే అందాలి, వేరే డేటాతో కలిసిపోవాలి, మళ్ళీ వాడుకునేలా ఉండాలి. 2016లో ఎవరో చక్కగా రాశారు, కాదనను. కానీ నా శాంపిల్ మీద సిల్వర్ పెయింట్ కాంటాక్ట్ ఊడిపోయి వచ్చిన పిచ్చి గీతకి ఇవన్నీ దేనికి? నేను తీసే పది రన్నుల్లో తొమ్మిది చెత్తే.

ఆరో ఏడు: ఏ తొమ్మిదో తెలుసా?

రెండో ఏడు: ఎందుకు తెలీదు, మొన్న తీసినవేగా.

ఆరో ఏడు: నాకూ అలాగే తెలుసుండేది. నా రెండో ఏట, చాలా చిన్న సిగ్నల్‌ని పెంచి చూపించే లాక్‌ఇన్ యాంప్లిఫయర్ అనలాగ్ అవుట్‌పుట్ నుంచి వోల్టేజి రికార్డు చేశాను. దానికి ఫుల్ స్కేల్ 10 వోల్టులు. సెన్సిటివిటీ 10 మిల్లీవోల్టుల మీద పెడితే, అక్కడ కనిపించే 5 వోల్టులకి అసలు సిగ్నల్ 5 మిల్లీవోల్టులు. 1 మిల్లీవోల్టు మీద పెడితే అదే 5 వోల్టులు అర మిల్లీవోల్టు. ఎక్కడ పెట్టానో రాసుకోలేదు, గుర్తుంటుందిలే అనుకున్నాను. మూడేళ్ళ తర్వాత పేపర్‌ని పరిశీలించే రెఫరీ రెసిస్టివిటీ విలువ అడిగాడు. గీత ఆకారం ముచ్చటగా ఉంది, పక్కన వెయ్యడానికి అంకె లేదు. మళ్ళీ కొలుద్దామంటే శాంపిల్ గాలి తగిలి ఎప్పుడో పాడైపోయింది. పదకొండు రన్నులు పేపర్లోంచి తీసేశాను.

రెండో ఏడు: పాపం. కానీ అది మతిమరుపు. నోట్‌బుక్‌లో ఒక్క ముక్క రాసుంటే సరిపోయేది.

ఆరో ఏడు: నేను చెప్పేదీ ఆ ముక్క గురించే.

రెండో ఏడు: కాదక్కా, అక్కడే మెలిక ఉంది. నోట్‌బుక్ నా కోసం. వాళ్ళడిగేది ప్రపంచం కోసం. నాకు ఫెలోషిప్ ఐదేళ్ళు, అందులో ఒకటిన్నర అయిపోయింది. గైడుకి కావాల్సింది పేపర్. రేపు ఇంటర్వ్యూలో "ఏది ఎలా కొలిచావో చెప్పే నీ మెటాడేటా ఏదీ?" అని ఎవరడుగుతారు?

ఆరో ఏడు: ఎవరూ అడగరు. ఆ సంగతి తలుచుకుంటే నాకూ ఒళ్ళు మండుతుంది. అయినా ఇంకో రకంగా అడిగే రోజొకటి రావచ్చు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫిజిక్స్ శాస్త్రవేత్త యాన్ హెండ్రిక్ షోన్ కథ విన్నావా? వేరువేరు ప్రయోగాలని చూపించిన గ్రాఫుల్లో నాయిస్, అంటే కొలతలో అడ్డదిడ్డంగా వచ్చే అదురు, కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉందని బయటపడింది. విచారణ కమిటీ ముడి డేటా అడిగితే డిస్క్‌లో చోటు లేక చెరిపేశానన్నాడు. సరైన ల్యాబ్ నోట్‌బుక్కులూ లేవు. 24 ఆరోపణల్లో 16 నిజమని 2002లో తేల్చారు.

రెండో ఏడు: అతను దొంగక్కా! దొంగ చేతికి నోట్‌బుక్ ఇస్తే అందులోనూ దొంగ లెక్కలే రాస్తాడు. దాన్ని చూపించి నన్ను భయపెడితే ఎలా?

ఆరో ఏడు: (కాసేపాగి) నిజమే, ఆ ఉదాహరణ నేననుకున్నంత గట్టిది కాదు. నాకు అందులో భయమేసేది దొంగ గురించి కాదు. రేపు నీ గ్రాఫ్ మీదా నా గ్రాఫ్ మీదా ఎవరికైనా అనుమానమొచ్చిందనుకో. మనం నిజాయితీపరులమే. కానీ మన దగ్గర చూపించడానికేం ఉంది? 'ఫైనల్ న్యూ 2'. కిరాణా కొట్లో రోజువారీ రాసేది చిట్టా, దాన్ని చూసి పద్దులు ఎక్కించేది ఆవర్జా. చిట్టా చింపేసి ఆవర్జా ఒక్కటే దాచుకునే షావుకారుని ఎక్కడైనా చూశావా? మనం చేసేది అదే. నాయిస్ తీసేసి, బ్యాక్‌గ్రౌండ్ తీసేసి, నున్నగా చేసిన కాలమ్‌నే డేటా అంటున్నాం.

రెండో ఏడు: పోలిక బాగుంది. అందరూ ఆవర్జాతోనే బతుకుతున్నారుగా.

ఆరో ఏడు: అందరూ కాదు. ఇదే ఊళ్ళో, బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ ఉండేది కదా. ఆకాశం మొత్తాన్నీ ఫొటో ప్లేట్ల మీదికెక్కించాలని దేశదేశాల అబ్జర్వేటరీలు భాగాలు పంచుకున్నాయి. మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీ మొదట చిలీలోని శాంటియాగోది. వాళ్ళ వల్ల కాకపోతే హైదరాబాదుకొచ్చింది. వీళ్ళు ప్లేటు మీద ఒక్కో చుక్కనీ కొలిచి పుస్తకాలు అచ్చేశారు. ఏం అచ్చేశారో చూడు: లెక్కగట్టిన చివరి స్థానాలు కావు. ప్లేటు మీద కొలిచిన ఎక్స్, వై, వాటితోపాటు ఆ ప్లేటుని ఆకాశానికి అతికించడానికి కావాల్సిన స్థిరాంకాలు.

రెండో ఏడు: అంటే ముడి డేటానే.

ఆరో ఏడు: ముడిదే. దశాబ్దాల తర్వాత హిప్పార్కస్ ఉపగ్రహం రిఫరెన్స్ తారల స్థానాలు ఎంతో కచ్చితంగా ఇచ్చింది. పాత స్థిరాంకాలు పక్కనపెట్టి, అవే ఎక్స్, వైలతో మళ్ళీ లెక్కగట్టారు. 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్‌లో 25 లక్షల తారలున్నాయి. అవి ఎటు, ఎంత వేగంగా జరుగుతున్నాయో తేల్చడానికి ఈ పాత ప్లేట్ల కొలతలే ముఖ్య ఆధారం. బేగంపేటలో కొలిచినవాళ్ళకి కృత్రిమ ఉపగ్రహమంటే ఏంటో తెలీదు. తారల స్థానాలు మాత్రమే అచ్చేసి ఉంటే, అప్పటి తప్పులు వాటిలోనే కరుడుగట్టుకుపోయేవి.

రెండో ఏడు: (ఈసారి వెంటనే మాట్లాడడు) ఇది బాగుందక్కా. కానీ నా వాదనకే పనికొచ్చేలా ఉంది. వాళ్ళకెవరూ వర్క్‌షాప్ పెట్టలేదు, డేటా ప్లాన్ ఫారం నింపించలేదు. మంచి పనివాళ్ళు కాబట్టి రాశారు. ఇంకోటి విను. జర్మనీలో డెజీ ల్యాబ్‌లో కణాలు ఢీకొంటే ఏమవుతుందో నమోదు చేసే జేడ్ అనే డిటెక్టర్ 1986లో మూతపడింది. తర్వాత సిద్ధాంతం మెరుగయ్యాక ఆ తక్కువ శక్తుల దగ్గరి డేటా మళ్ళీ కావాల్సొచ్చింది. జీగ్‌ఫ్రీడ్ బెత్కె అని ఒక మొండి మనిషి టేపులు వెతికాడు, పాత ప్రోగ్రాములు బతికించాడు. ఒక ఫైలైతే కాగితం ప్రింటవుట్‌గానే దొరికింది, కూర్చుని టైపు చేయించారు. దాంతో పేపర్లొచ్చాయి. డేటాని కాపాడేది మనిషి, పాలసీ కాదు.

ఆరో ఏడు: ప్రతి డిటెక్టర్‌కీ ఒక బెత్కె దొరుకుతాడా? నువ్వు వెళ్ళిపోయాక నీ టేపులు వెతికేదెవరు? నేనైతే వెతకను.

రెండో ఏడు: అంత మొహమాటం లేకుండా చెప్పాలా?

ఆరో ఏడు: ఫారాల సంగతి నీతో ఒప్పుకుంటా. గ్రాంటు కోసం రాసే ప్లాన్ సగం మంది కాపీ కొట్టేదే. నేనడిగేది కొంచెమే. కొలిచిన ఫైలుని ఇంకెప్పుడూ ముట్టుకోకు, రీడ్ ఓన్లీ చేసెయ్. గ్రాఫ్ మౌస్‌తో కాదు, స్క్రిప్టుతో గియ్యి, అప్పుడు ఏ కాలమ్‌ని ఏం చేశావో అదే చెబుతుంది. రన్ నడుస్తుండగానే పక్కన టెక్స్ట్ ఫైల్ రాయి: కరెంటు, ఫ్రీక్వెన్సీ, సెన్సిటివిటీ, ఏ థర్మామీటరు, ఏ కేలిబ్రేషన్. ఒక కాపీ వేరే బిల్డింగ్‌లో పెట్టు, వానాకాలం మన సీలింగు ఎలా కారుతుందో చూశావుగా. చెత్త రన్నుని కూడా చెరపకు, 'కాంటాక్ట్ ఊడింది' అని రాసిపెట్టు.

రెండో ఏడు: ఇదంతా నువ్వు పది నిమిషాల్లో చెప్పేశావు. వాళ్ళకి రెండు రోజులెందుకు?

ఆరో ఏడు: రెండో రోజు పాలసీల మీద. నేనూ ఆ పూట నిద్రపోయాను.

రెండో ఏడు: అయితే మొదటి రోజుకే వెళ్తా. ఇదే నా ఆఖరి మాట.

(నాలుగు గంటలు గడిచాయి. క్రయోస్టాట్ 4 కెల్విన్ చేరింది. అతను నోట్‌బుక్ తెరిచి, పెన్ను మూత తీసి, ఆగాడు.)

రెండో ఏడు: అక్కా, నిన్న పెట్టిన కరెంటు 10 మైక్రోయాంపులే కదా?

ఆరో ఏడు: నిన్న పెట్టింది నువ్వు.