గెలుపు: 1

మనవాడికి పద్దెనిమిది నిండాక వచ్చిన మొదటి లోక్‌సభ ఎన్నికలు, 2024వి. మే 13న ఓటేశాడు. తెల్ల కాగితం పార్లమెంటుకి, గులాబీ కాగితం అసెంబ్లీకి అని క్యూలో వెనకున్న పెద్దాయనకి అడక్కుండానే పాఠం చెప్పాడు. తర్వాత మూడు వారాలు యూట్యూబులో కౌంటింగ్ ఎలా జరుగుతుందో చూశాడు. మధ్యలో ఎగ్జిట్ పోల్స్, వాటి ఊసెత్తొద్దు. జూన్ 4 పొద్దున్నే స్నానం చేసి టీవీ ముందు కూర్చున్నాడు.

ఎనిమిదైంది. తెర మూలన లోక్‌సభ లెక్కల చిన్న పెట్టె. ఆధిక్యం: 0. గెలుపు: 1.

ఎనిమిదింటికి మొదలయ్యేవి పోస్టల్ బ్యాలెట్లు. ఈవీఎంల లెక్కింపు ఎనిమిదిన్నరకి. పోస్టల్ ఓటు అంటే ఉల్లిపాయ, పొర మీద పొర. ముందు పెద్ద కవరు, 13సి, చింపాలి. అందులో 13ఎ అనే డిక్లరేషను, 13బి అనే చిన్న కవరు ఉంటాయి. 13ఎ మీద ఓటరు సంతకం ఉందా, ధ్రువీకరించిన అధికారి సంతకం ఉందా చూడాలి. (ఆ అధికారి ముద్ర కూడా ఉండాలా అక్కర్లేదా అని మన ఆంధ్రప్రదేశ్‌లో ఏకంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లారు.) రెండింటి మీదా నంబరు ఒకటేనా చూడాలి. అప్పుడుగానీ 13బి తెరవకూడదు. సైనికుల ఓట్లయితే స్కానింగు అదనం.

ఇదంతా మనవాడికి కంఠతా. కొంప ముంచింది అదే. ఏమీ తెలియనివాడైతే "ఓహో, ఒకటి అయిపోయింది" అనుకుని ఇడ్లీ తినేవాడు. వీడు లెక్కలేశాడు. కత్తెర ఎక్కడుందో వెతుక్కోవడానికే రెండు నిమిషాలు. ఏజెంట్లు జాలీ అవతల నుంచి "ఆ సంతకం కనబడట్లేదండీ" అనడానికి ఇంకో రెండు. అలాంటిది ఎనిమిదీ సున్నా సున్నాకి గెలుపా? లేచి నిలబడ్డాడు. స్క్రీన్‌షాట్ తీశాడు. ఎర్ర గీతతో సున్నా చుట్టాడు, చేయి వణికి సున్నా గుమ్మడికాయలా వచ్చింది. "ఇంకా కవర్లు కూడా చింపలేదు, అప్పుడే ఒకరు గెలిచారట! ఇదేనా ప్రజాస్వామ్యం? మేలుకో ఓటరూ!" అని రాసి ముందు కుటుంబం గ్రూపులో, తర్వాత కాలేజీ గ్రూపులో, ఆవేశం చల్లారక అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపులో దానికి ముందున్న మెసేజ్ నీళ్ల ట్యాంకర్ గురించి.

పిన్ని టీచరు, పోలింగ్ డ్యూటీలు చేసి చేసి ఉన్న మనిషి. జవాబిచ్చింది.

"సూరత్‌రా నాన్నా. ఏప్రిల్ 22నే ఏకగ్రీవం. ఇవాళ లెక్కపెట్టేది 542 సీట్లకే."

ప్రతిపాదకుల సంతకాల పేచీతో ప్రత్యర్థి నామినేషన్ పోయింది, మిగతావాళ్లు ఉపసంహరించుకున్నారు, మిగిలిన ఒక్కాయన్ని గెలిచినట్టు ప్రకటించారు. మూడు వారాల వీడియోల్లో ఈ ముక్క ఒక్కడూ చెప్పలేదు. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టాడు, మూడు చోట్లా.

ఆ చానల్ వాళ్లని మాత్రం ఏమనాలి? యాంకర్ గాల్లో వేలూపితే పార్లమెంటు కుర్చీలు రంగులు మారే బొమ్మకి చోటుంది. పెట్టె పక్కన "సూరత్, ఏకగ్రీవం" అని రెండు మాటలకి చోటు లేదు. కింద రెండు పట్టీలు పరిగెడుతుంటాయి, ఒకదాని మ్యాజిక్ ఫిగర్ 88, ఇంకోదానిది 272. ఏది అసెంబ్లీదో ఏది లోక్‌సభదో మనమే కనిపెట్టుకోవాలి. "భారీ ఆధిక్యం" అంటాడు, ఎన్నో రౌండో చెప్పడు. రౌండంటే మామూలుగా పద్నాలుగు టేబుళ్లు, పద్నాలుగు బూతులు. మొదటి రౌండులో వచ్చేవి ఒకటి నుంచి పద్నాలుగు దాకా, అంటే పక్కపక్క ఊళ్లు. అది అభ్యర్థి సొంత మండలమైతే ఆధిక్యం ఆకాశంలో ఉంటుంది. 280 బూతులుంటే ఇరవై రౌండ్లు. పైగా మన దగ్గర ఒక్కో ఎంపీ సీటుకి ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, దేని నడక దానిది. ఎన్నికల సంఘం సైటులో అసెంబ్లీ నియోజకవర్గం పేజీ తీస్తే ఎన్నో రౌండో ఉంటుంది. టీవీలో ఉండేది బాణం గుర్తు.

మధ్యాహ్నం సంగతి వద్దు. మొదటి రౌండు ఆధిక్యాన్ని ఇరవైతో గుణించి తాతయ్యకి ఫోను చేశాడు, అంతే.

చివరికి బీజేపీకి 240, ఎన్డీయేకి 293. ఆ 240లో సూరత్ కూడా ఉంది.

రాత్రి పదిన్నరకి మేనమామ నుంచి మెసేజ్. పైన "చాలాసార్లు ఫార్వర్డ్ చేయబడింది" అనుంది. కింద గుమ్మడికాయ సున్నాతో సహా స్క్రీన్‌షాటు. దాని కింద మావయ్య సొంతంగా కలిపింది: "రాసినోడెవడోగానీ దమ్మున్నోడు. నువ్వూ ఓటరువే కదా, పదిమందికి పంపు."