కుర్చీతో పాటు తాళాలూ ఇవ్వండి

వర్చువల్ కేస్ ఫైల్ అని అమెరికాలో ఒక ప్రాజెక్టు ఉండేది. ఎఫ్‌బీఐ కాగితాల కేసు ఫైళ్లను కంప్యూటర్‌లోకి తెస్తామని సుమారు 17 కోట్ల డాలర్లు పోసి, దేశమంతా వాడుకలోకి రాకుండానే 2005లో పక్కన పడేశారు. తప్పు కాంట్రాక్టరుదని కొందరు, 800 పేజీలు దాటిన అవసరాల పత్రాన్ని మాటిమాటికీ మార్చిన బ్యూరోదని, అంటే ఎఫ్‌బీఐదని కొందరు. నా దృష్టిలో అసలు జబ్బు వేరు. ఈ ఫైల్ భాగంగా ఉన్న ట్రైలజీ అనే పెద్ద ప్రాజెక్టు నడిచిన కాలంలో సీఐఓలు (టెక్నాలజీ అధిపతులు), తాత్కాలిక సీఐఓలు కలిపి అయిదుగురు మారారు, ప్రాజెక్టు మేనేజర్లు పదిమంది. అమెరికా న్యాయశాఖ ఇన్‌స్పెక్టర్ జనరలే చెప్పిన లెక్క ఇది. ఒకరు ఒప్పుకున్న మార్పు ఎందుకు ఒప్పుకున్నారో తర్వాత వచ్చినవారికి తెలియదు, తెలుసుకునేలోపే వారూ వెళ్లిపోతారు!

ఇప్పుడు జల్మై అజ్మీ సంగతి చూడండి. అఫ్గానిస్తాన్‌లో పుట్టి, అమెరికా మెరైన్‌గా పనిచేసి, 2003 చివర్లో తాత్కాలికంగా ఆ సీఐఓ కుర్చీలోకి వచ్చిన మనిషి 2008 దాకా ఉన్నారు. 2004లో డైరెక్టర్ రాబర్ట్ మ్యులర్ బ్యూరో మొత్తం ఐటీని సీఐఓ కిందికి తెచ్చారు. అప్పుడే కదా, పనికిరాని ప్రాజెక్టును ఆపేద్దామని ధైర్యంగా తేల్చగలిగింది. దాని స్థానంలో అజ్మీ హయాంలో మొదలైన సెంటినెల్ అనే కేసు ఫైళ్ల వ్యవస్థ కూడా తడబడింది, నిజమే. కానీ లేమన్ బ్రదర్స్ బ్యాంకు నుంచి తర్వాతి సీఐఓగా వచ్చిన చాడ్ ఫుల్గమ్ 2010లో కాంట్రాక్టరు లాక్‌హీడ్ మార్టిన్ చేతిలోని పనిని బ్యూరో చేతికి తీసుకుని, చిన్న జట్టుతో, చిన్న చిన్న విడతలుగా నడిపించారు. 2012 జులైలో సెంటినెల్ ఏజెంట్లందరికీ అందింది.

ఒకే మనిషి చేతిలో ఇంత అధికారం పెడితే మొండితనం పెరుగుతుందని, బయటినుంచి కొత్త గాలి రావాలని అనేవాళ్లున్నారు. ఫుల్గమ్ బయటినుంచే వచ్చారు కదా. రానివ్వండి, కానీ వచ్చినవారి చేతిలో కాంట్రాక్టును ఆపే అధికారం ఉండాలి.

నన్ను నిజంగా కలవరపెట్టేది డబ్బు వృథా కాదు. పోలీసు శాఖలు తాము కొన్న సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో తెలిసిన మనిషిని లోపల ఉంచుకోకపోవడం. కేసు ఫైలు తెరుచుకోకపోతే ఏజెంటుకు చికాకు, అంతే. అదే ముఖ గుర్తింపు తప్పితే ఒక అమాయకుడు లాకప్‌లో పడతాడు. 2020 జనవరిలో డెట్రాయిట్ పోలీసులు సాఫ్ట్‌వేర్ చూపిన తప్పు పోలికను పట్టుకుని ఒక నల్లజాతి వ్యక్తిని భార్యాపిల్లల కళ్లెదుటే, సొంతింటి ముందే అరెస్టు చేశారు, దాదాపు 30 గంటలు నిర్బంధంలో ఉంచారు. వాచీల దొంగతనం కేసు, ఆయనకు దాంతో ఏ సంబంధమూ లేదు. ఈ పోలిక ఆధారం కాదు, కేవలం ఆచూకీ మాత్రమే అని డిటెక్టివ్‌కు అడ్డుపడి చెప్పాల్సిన పని ఎవరిది? అమ్మిన కంపెనీ సేల్స్‌మన్ చెప్పడు, పోలీస్ చీఫ్‌కు అంత లోతు తెలియదు. అది టెక్నాలజీ అధిపతి పని, దానికి తగ్గ అధికారం ఆ కుర్చీకి ఉండాలి.

ముఖ గుర్తింపు ఫలితం ఒక్కటే చూసి అరెస్టు చేయకూడదని డెట్రాయిట్ పోలీసులు 2024లో ఒప్పుకున్నారు, అదీ బాధితుడు దావా వేశాక కుదిరిన రాజీలో. సాఫ్ట్‌వేర్ ఆన్ చేసిన రోజే సంతకం పడాల్సిన నిబంధన అది.